ఏడు గింజల పుస్తకం

శబరి ఒడ్డున కుంట ఊరి బజారులో శ్రీరంగం వారి దుకాణం ఎక్కడని ఎవర్నీ అడగనక్కర్లేదు. మాఘమాసం దాటిందంటే పుల్లటి వాసన ఎటు లాగితే అటు నడిస్తే చాలు. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల పందిరి వేసిన పెద్ద పెరడు. ఎర్రబోరు వైపు నుంచీ అడవి పల్లెల నుంచీ సంతకొచ్చిన చింతపండు సగం ఆ పందిరి కిందే కుప్ప పడుతుంది. పదిమంది ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పెంకు కొట్టి, ఈనెలు లాగి, కాయ చీల్చి, బొటనవేలితో గింజ నొక్కి తీస్తారు. అలా గింజ తీసిన పండును జగదల్‌పూర్ మండీలో ‘ఫూల్’ అంటారు. పువ్వంత సుకుమారమని కాబోలు. తీసేవాళ్ల వేళ్లు మాత్రం సాయంత్రానికి చెప్పులు కుట్టే దారంలా బిగుసుకుపోతాయి.

ఆ పెరటికి పెత్తనం జ్ఞానప్రసూనది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. గుండ్రటి మొహం, పెద్ద గొంతు. దుకాణంలో హిందీ, పెరట్లో దోర్లి, సంతలో గోండి, దేవుడి ముందు తెలుగు. మొగుడి మీద కోపమొస్తే మాత్రం ఏ భాష ముందు నోటికందితే అది. ఆ మొగుడు పుల్లయ్య, నెమ్మదైన మనిషి. పది మాటలకు ఒక మాట జవాబిస్తాడు. ఆ ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకోడు.

ప్రసూన పుట్టిల్లు శబరి అవతల, చింతూరు దగ్గర. చిన్నప్పుడు వాళ్ల నాన్న వారపత్రిక తెప్పించేవాడు. శుక్రవారం బస్సులో వచ్చేది. అన్నలకు దొరక్కుండా తానే బస్సు దగ్గరికి పరుగెత్తి, కండక్టరు చేతిలోంచి లాక్కుని, ఇంటికొచ్చే దారంతా సీరియల్ చదువుకుంటూ నడిచేది. అలా నడుస్తూ ఒకసారి గేదెను గుద్దుకుని, తలెత్తకుండానే ‘చూసుకో’ అని దాన్నే కసిరి వెళ్లిందని వాళ్లన్నలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పంతొమ్మిదో ఏట పెళ్లై కుంటకొచ్చింది. చదవద్దని ఇక్కడెవరూ అనలేదు, అదే విచిత్రం. అత్తగారు మంచిది, మామగారు ఇంకా మంచివాడు. కానీ బడి హిందీ, బోర్డులు హిందీ, కాగితం ముక్క ఏది పట్టుకున్నా హిందీ. పిల్లలకు అ ఆలు నేర్పుదామని అనుకుంటూ ఉండగానే వాళ్లకు పెళ్లిళ్లైపోయాయి. తెలుగు అక్షరమంటే దుకాణంలో సరుకుల చీటీ వరకే మిగిలింది. ఉప్పు, బెల్లం, అగ్గిపెట్టెలు. ముప్పైతొమ్మిదేళ్లు అంతే.

ఆ ఆషాఢంలో శబరి పొంగి బజారులోకి వచ్చింది. మోకాలు దాటి, నడుము దాటి, దుకాణం గల్లాపెట్టె మీదికెక్కింది. ప్రసూన వాళ్లు మేడ ఉన్న అన్నపూర్ణ టీచర్ ఇంటికి చేరారు. ఈ అన్నపూర్ణ టీచర్ మొగుడు బచేలీ గనుల్లో పని చేశాడు. ఆవిడ అక్కడే తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకుంది. మేడ మీద పదకొండు మంది, ఒకటే పొయ్యి, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. టీచరమ్మ ఏడుపు మాత్రం వేరే. కింద గదిలో ఉన్న పుస్తకాల పెట్టెను పైకి తెచ్చేసరికి అడుగున సగం తడిసిపోయింది. అట్టలు పట్టుకుంటే ఊడి చేతికొచ్చాయి. పేర్లున్న పేజీలు అట్టలతోనే పోయాయి.

‘ఇవి అతుక్కుపోతాయి ప్రసూనా. నీకేమీ పని లేదు కదా, కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ ఆరబెట్టు’ అని టీచరమ్మ ఒక పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టింది.

ప్రసూన తిప్పింది. తిప్పేటప్పుడు కళ్లు ఊరుకోవు కదా. మొదటి పేజీకి అరపూట పట్టింది. ఒత్తుల దగ్గర తడబడి, రెండక్షరాలు కలిసిన చోట ఆగి, పెదవులు కదుపుతూ, వేలు పెట్టి చదివింది. రెండో రోజుకు వేలు తీసేసింది. మూడో రోజుకు పెదవులు ఆగాయి. నాలుగో రోజు టీచరమ్మ భోజనానికి పిలిస్తే ‘చూసుకో’ అని కసిరింది. ఎవర్ని కసిరిందో ఆవిడకే తెలియదు. తొమ్మిదో రోజు నీళ్లు తీశాయి. మేడ మీద వాళ్లంతా చేతులెత్తి దండం పెట్టారు. వరద తగ్గిందే అని మొహం చిన్నబుచ్చుకున్న మనిషి కుంట మొత్తంలో ఆవిడొక్కతే. ఇంకా ముప్పై పేజీలున్నాయి మరి.

ఇంటికెళ్లి నెలరోజులు బురద ఎత్తింది. ఒక చేత్తో చీపురు, పైట కింద పుస్తకం. అది మొదలు ప్రతి శుక్రవారం టీచరమ్మ ఇంటికి పోవడం, ఒకటిచ్చి ఒకటి తెచ్చుకోవడం. పుస్తకాలకు పేర్లు లేవు కనుక తానే పెట్టుకుంది. అత్తాకోడళ్ల పుస్తకం, జడ్జి పుస్తకం, మామిడితోట పుస్తకం.

చింతపండు రోజులొచ్చాయి. పెరట్లో ఉండి పని చూడక తప్పదు. కుప్ప పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఒక కన్ను పండు మీద, ఒక కన్ను పుస్తకం మీద పెట్టి కూర్చునేది. రెండో రోజే కోసి అనే ముసలామె పట్టేసుకుంది. దోర్ల తెగ మనిషి. ఆ పెరట్లో ఇరవయ్యేళ్లుగా గింజ తీస్తోంది. చేతి వేగంలో గానీ నోటి వేగంలో గానీ ఆమెకు ఎదురులేదు.

‘ఏంది సావుకారమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్. మాకన్నా చెప్పు, లేకుంటే లోపల్కి పోయి నవ్వుకో’ అంది.

ప్రసూనకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే పైకి చదవడం మొదలుపెట్టింది. దోర్లవాళ్లకు తెలుగు అర్థమవుతుంది కనుక ఇబ్బంది లేదు. తోంగ్‌పాల్ వైపు నుంచి వచ్చిన బుధ్రికి మాత్రం హల్బీ భాష తప్ప రాదు. కోసి కోడలు ముయె పక్కన కూర్చుని ఆమెకు హల్బీలో చెప్పేది. ముయె చెప్పుడు ముయెదే. పుస్తకంలో జడ్జి ఆమె నోట్లో రేంజరయ్యాడు. రైలు జగదల్‌పూర్ బస్సయింది. జడ్జి భార్య చచ్చిపోయిన రోజు పెరడంతా ముక్కు చీదింది, బుధ్రి మాత్రం హాయిగా గింజలు తీసుకుంటూ కూర్చుంది. పది రోజుల తర్వాత, ఆ పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి రావడం లేదేమని బుధ్రి అడిగితే అసలు సంగతి బయటపడింది. ముయెకు మనసొప్పక ఆవిణ్ని చంపలేదు. పది రోజులుగా ఆవిడ బుధ్రి కథలో వంట చేస్తూనే ఉంది.

కోసి ఒక షరతు పెట్టింది. సావుకారమ్మ ఇంట్లో ముందుగా చదువుకుని రాకూడదు. ‘నువ్వు తిని మాకు ఎంగిలి పెట్టకు, అందరం ఒక్కసారే తిందాం’ అంది. ప్రసూన ఒప్పుకుంది. ఒప్పుకోవడం తేలికే. రాత్రి పుస్తకం అలమరలో పెట్టి తాళంచెవి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచుకోవలసి వచ్చింది, అంతే.

చదవగా చదవగా ఆవిడకొక సంగతి తెలిసొచ్చింది. ఏ కథకు చేయి ఎలా ఆడుతుందో కుప్పే చెబుతుంది. పోట్లాటలుంటే చేతులు చకచకా నడుస్తాయి. అత్తాకోడళ్ల పుస్తకానికి మధ్యాహ్నానికే కుప్ప కరిగేది. పెళ్లిచూపుల దగ్గర మెల్లగా, శుభ్రంగా సాగుతుంది. ఏడుపు దగ్గర బాగా మందగిస్తుంది, చేతులు కళ్లు తుడుచుకోవడానికి పోతాయి, చింతపండు చేత్తో కన్ను తుడుచుకుంటే ఆ ఏడుపు ఇంకో అరగంట. ఇదంతా లెక్కలోకి తీసుకుని ఆవిడ బజారులో ఎవరికే పుస్తకం పడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. దర్జీ భార్యకు అత్తాకోడళ్ల పుస్తకం ఇస్తూ, కాజాలు కుట్టేటప్పుడు పర్వాలేదు గానీ బట్ట కత్తిరించేటప్పుడు తెరవొద్దంది. పిండిమిల్లు ఆయనకు మామిడితోట పుస్తకం, అందులో తొందరేమీ లేదు, మిల్లు ఆపి మళ్లీ వచ్చినా వాళ్లు ఆ తోటలోనే ఉంటారని. ఆరోగ్యం బాలేని మనిషికి జడ్జి పుస్తకం ససేమిరా ఇవ్వలేదు. కావాలంటే ముయె చెప్పిన జడ్జి కథ చెప్పించింది. అందులో ఎవరూ పోరు.

ఇంత తెలిసిన మనిషి లాంతరు పుస్తకం దగ్గర పప్పులో కాలేసింది.

ఒక పడవవాడు గోదాట్లో మాయమవుతాడు. ఊరంతా పోయాడంటుంది. భార్య నమ్మదు. లాంతరు పట్టుకుని లంకలన్నీ తిరుగుతుంది. శబరి ఒడ్డున పుట్టి పెరిగిన ఆడవాళ్లకు అది కథలా లేదు, పక్కింటి సంగతిలా ఉంది. రెండో వారం ఒక మధ్యాహ్నం, ఆ భార్య ఖాళీ పడవలో కూర్చుని ఉండగా వెనకనుంచి దగ్గు వినబడే ఘట్టం వచ్చింది. ప్రసూన గొంతు తగ్గించింది. ఎవరూ పని ఆపలేదు. ఆపితే ఆవిడే గమనించేది. చేతులు కదులుతూనే ఉన్నాయి, కాయ చీలుస్తూనే ఉన్నాయి, సంచిలో వేస్తూనే ఉన్నాయి. బొటనవేళ్లు మాత్రం నొక్కడం మర్చిపోయాయి.

నాలుగు రోజులకు జగదల్‌పూర్ మండీలో సరుకు కొనే అడ్తీ సేఠ్ పుల్లయ్యకు ఫోను చేశాడు. అరవలేదు. ముప్పై ఏళ్లుగా మీ సంచి విప్పకుండానే తీసుకుంటున్నాను, ఇవాళ విప్పాల్సి వచ్చింది అన్నాడు. మర్నాడు లారీలో ఎనిమిది సంచులు వెనక్కొచ్చాయి.

పుల్లయ్య ఒక సంచి విప్పి, పండు తీసి, చీల్చి, నిగనిగలాడే గింజను భార్య అరచేతిలో పెట్టాడు.

‘పెరట్లో ఇక పుస్తకం వద్దు ప్రసూనా.’

అదొక్కటే అన్నాడు. ముక్కాలిపీట తీసుకెళ్లి దుకాణంలో వేసుకున్నాడు.

ప్రసూన ఆ గింజను కొంగున ముడేసుకుంది. ఆ పెరడు తన గొప్ప అనుకుంది గానీ, ఆ సంచుల మీద నమ్మకం ఆయన ముప్పై ఏళ్లు కూడబెట్టినది. మర్నాటి నుంచి రెండు రోజులు ఆడవాళ్లతో పాటు తానూ కింద కూర్చుని ఎనిమిది సంచుల పండూ మళ్లీ విప్పి గింజ తీసింది. పెరట్లో గింజలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. పని బ్రహ్మాండంగా సాగింది. అదే ఆవిడకు గుచ్చుకుంది. పుస్తకం లేకపోయినా పనికేమీ లోటు లేదు. లోటంతా తనకే. అలమరలో నలభై పేజీలు మిగిలి ఉన్నాయి. తాళంచెవి దాచింది తనే. తీసి ఒక్కతే చదువుకోవచ్చు, ఎవరడుగుతారు? రెండుసార్లు బియ్యం డబ్బా దాకా వెళ్లింది. లోపల చేయి పెట్టి, బియ్యం కాస్త కలిపి, తిరిగొచ్చింది. చిన్నప్పుడు బస్సు దగ్గర లాక్కుని ఒంటరిగా చదివిన పిల్లకు ఇప్పుడు ఒంటరిగా చదవబుద్ధి కావడం లేదు.

రెండో రోజు మధ్యాహ్నం, గింజలు ఏరడంలో సాయానికి కొత్తగా వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఈ సంచులు ఎందుకు వెనక్కొచ్చాయని అడిగారు. కోసి చెప్పింది. ఎందుకొచ్చాయో చెప్పాలంటే దగ్గు గురించి చెప్పాలి, దగ్గు గురించి చెప్పాలంటే పడవ గురించి చెప్పాలి. అలా మొదటి పేజీ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అందులో సగం కోసి సొంతం. పడవవాడికి ఒక తమ్ముణ్ని పుట్టించింది. లంకలో ఎలుగుబంటిని పెట్టింది. ఎలుగుబంటి లేదని ప్రసూన అడ్డం పడితే, ‘నీ కాగితంలో లేదేమో, లంకలో ఉంటది’ అంది. కథ తిరిగి తిరిగి ఖాళీ పడవ దగ్గరికొచ్చింది. వెనకనుంచి దగ్గు వినబడింది. కోసి ఆగింది. పెరడంతా ప్రసూన వైపు చూసింది.

‘తర్వాత?’ అంది బుధ్రి, తెలుగులో. ఆమె నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది.

ప్రసూన లేచి చేతులు కడుక్కుంది. చింతపండు జిగురు తొందరగా పోదు, రెండు చెంబులు పట్టింది. తుడుచుకుంటూ దుకాణంలోకి వెళ్లి పుల్లయ్య ఎదురుగా నిలబడింది. మామూలుగా అయితే పది మాటలు. ఈసారి కూడబలుక్కుని వచ్చింది.

‘తప్పు వాళ్లది కాదు, పుస్తకానిదీ కాదు. చూసుకోవాల్సింది నేను, నేనే దగ్గు వింటూ కూర్చున్నా. ఒక్క సంచి ఇవ్వండి. పేజీ అయిపోగానే ఆపుతా. ఆ పేజీలో తీసిన పండంతా ఎవరికి వారు వేలు పెట్టి చూసుకుని నాకు చూపించాకే సంచిలోకి పోతుంది. సంచి మీరే విప్పుకోండి.’

‘గింజ దొరికితే?’

ప్రసూన ఆలోచించలేదు. ‘దొరికితే శిక్ష. ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి చదువుతా. ముందుకు పోనివ్వను. దగ్గిందెవరో తెలియక చస్తారు.’

పుల్లయ్య గల్లాపెట్టెను చేత్తో తుడిచాడు. దాని మీద వరద నీటి చార ఇంకా ఉంది.

‘ఒక్క సంచి’ అన్నాడు. ‘అందులో ఒక్కటి కనబడినా, మళ్లీ ఈ మాట ఎత్తొద్దు.’ ముక్కాలిపీట కాలితో ఆవిడ వైపు జరిపాడు.

మర్నాడు పొద్దున చదివిన ఏడు పేజీలకు మధ్యాహ్నమైంది. ప్రతి పేజీ చివరా ప్రసూన నోరు మూసేది. పదిమందీ వేళ్లతో వెతుక్కుని, చాటల్లో పెట్టి చూపించేవాళ్లు. అప్పుడు సంచిలోకి. ఒక్క గింజ లేదు. దగ్గింది పడవవాడు కాదు, వాణ్ని వెతకొద్దని చెప్పడానికి వచ్చిన మామగారు. ఆ మాటకు కోసి ముసలాణ్ని దోర్లిలో తిట్టిన తిట్లకు ఒక చాట పండు అదనంగా అయింది. సాయంత్రం పుల్లయ్య వచ్చి సంచి బోర్లించాడు. పరదా మీద పరిచి, చతికిలబడి, ఒక్కో ముద్దా విప్పి చూశాడు. పదిమంది ఆడవాళ్లూ ఇంటికి పోకుండా గోడకానుకుని నిలబడ్డారు. ప్రసూన కొంగు చివర నోట్లో పెట్టుకుంది.

ఆయన చివరి ముద్ద కింద పెట్టి, చేతులు దులుపుకుని, లేచాడు. ‘రేపు రెండు సంచులు చూడండి’ అని లోపలికి వెళ్లిపోయాడు.

రెండో రోజు మొదటి గింజ దొరికింది. ఆ భార్య మామగారి ఎదుట నిలబడి, నీ కొడుకు పోయాడని నువ్వనుకో, నా మొగుడు నేను చూసేదాకా పోలేదని తిరగబడే పేజీ అది. పేజీ ఐపోయాక చాటలు చూస్తుంటే ముయె చాటలో, అందరికీ కనబడేలా పైనే, ఒక గింజ. ముయె తల వంచుకుంది. శిక్ష శిక్షే. ప్రసూన పేజీ మొదటి నుంచీ చదివింది. చదివి ఆపితే ఈసారి బుధ్రి చాటలో గింజ. మళ్లీ చదివింది. మూడోసారికి అందరికీ వచ్చేసింది, తిరగబడే మాట ప్రసూన కంటే ముందే పదిమందీ కలిసి అన్నారు.

మూడో రోజు పొద్దున నదిని వర్ణించే పేజీలు నాలుగు వచ్చాయి. గింజన్నది లేదు. ఒక పెద్దమనిషి ఊరికి నీతులు చెప్పే పేజీలు రెండు. అద్దంలా ఉన్నాయి చాటలు. లంకలో ఆ భార్యకు మొగుడి తుండుగుడ్డ దొరికే పేజీకి వచ్చేసరికి కోసి చాటలోనే దొరికింది. ఇరవయ్యేళ్లలో కోసి చేతి కింద గింజ మిగలడం ఎవరూ చూడలేదు. ప్రసూన ఆ గింజ తీసి చూసింది. కోసి మొహం చూసింది. ముసలామె పందిరి రేకుల్లో కన్నాలు లెక్కపెడుతోంది.

‘చేయి సాగుతలేదు సావుకారమ్మా, ముసలిదాన్నైతిని. సదువు మల్ల. శిక్ష తప్పుతదా.’

ప్రసూన గింజను పీట పక్కనున్న గిన్నెలో వేసి, పేజీ మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచీ దొరికిన గింజలన్నీ ఆ గిన్నెలోనే వేసింది, సంచిలోకి ఒక్కటీ పోనివ్వలేదు. పుల్లయ్య రోజూ సాయంత్రం ఒక సంచి విప్పేవాడు, తర్వాత రెండ్రోజులకోసారి, తర్వాత మానేశాడు. జగదల్‌పూర్ నుంచి ఫోను రాలేదు. రాకపోవడమే మంచి మాట.

లాంతరు పుస్తకం అయిపోయాక వచ్చిన శుక్రవారం అన్నపూర్ణ టీచర్ తానే వచ్చింది. బచేలీలో ఉన్న స్నేహితురాలు బస్సులో పంపిన కొత్త మూటలోంచి ఒక లావు పుస్తకం తీసింది. దీనికి అట్ట కూడా ఉంది. ఇచ్చే ముందు, లాంతరు పుస్తకం ఎలా ఉంది, ఇంకొకరికి చదవమని చెప్పొచ్చా అని అడిగింది. నలభయ్యేళ్లు పిల్లలకు మార్కులు వేసిన మనిషి, ఏదైనా తేల్చి చెబితే గానీ ఒప్పుకోదు.

ప్రసూన గిన్నెలోకి తొంగి చూసి వేలితో కదిపింది.

‘ఏడు గింజలు’ అంది.

టీచరమ్మకు ఏమీ అర్థం కాలేదు. పదిమందీ నోళ్లకు కొంగులడ్డం పెట్టుకున్నారు. ముయె ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సంగతి చెప్పింది, తనకలవాటైన పద్ధతిలో, నాలుగు కల్పించి. అంతా విన్నాక టీచరమ్మ కళ్లద్దాలు సవరించుకుని, అత్తాకోడళ్ల పుస్తకం ఈ రూలు రాకముందే అయిపోయింది కదా, దానికి మార్కులు పడలేదు, అది అన్యాయం, మళ్లీ చదవాలి అంది. జడ్జి పుస్తకం కూడా అని ఎవరో అన్నారు. జడ్జి భార్య ఉంటేనే అని బుధ్రి తన కొత్త తెలుగులో షరతు పెట్టింది.

‘అవన్నీ తర్వాత’ అంది ప్రసూన. కొత్త పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట తిప్పింది. అందరూ ఒక్కో కాయ చేతిలోకి తీసుకున్నారు.